హెడ్‌ఫోనుకు ఎన్ని వాట్లు కావాలి?

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో మేడ్చల్ నుంచి ఒకటి వుంది. రాసినవాడు ఇంజనీరింగు రెండవ సంవత్సరం విద్యార్థి. పేరు వేయవద్దన్నాడు కనుక వేయటం లేదు. ఉత్తరంలో మూడు వంతులు కరెంటు లెక్కలే. తొమ్మిది వేలు పెట్టి హెడ్‌ఫోను కొన్నాడట. ఫోనుకు తగిలించి వింటే "పాటలో దమ్ము లేదు" అనిపించిందట. హాస్టలులో తోటివాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి, "దీనికి కనీసం ఒక వాటు ఆంప్లిఫయరు కావాలి, రెండు వాట్లయితే ఇంకా మంచిది" అని తేల్చారట. ఇంకో ఆరు వేలు పెట్టి అది కొనాలా, వద్దా? కొంటే చెవులకేమైనా ప్రమాదమా? ఇదీ అతని ప్రశ్న.

చివర, సంతకం కింద చోటు చాలక కాగితం పక్కకు తిప్పి ఒక ముక్క రాశాడు. "రాత్రి పడుకున్నాక చెవుల్లో కీచురాయి అరిచినట్టుంటది సార్. పొద్దున్నకు పోతది. దీనికీ దానికీ సంబంధం లేదనుకుంటున్న."

ఆ చివరి ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అయితే అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చెప్పటం మర్యాద. అదీగాక, ఆ జవాబులోనే ఈ చివరి ముక్క సంగతి కూడా దాగి వుంది.

ఆంప్లిఫయర్ల విషయం డాక్టరుకేం తెలుసునని మీరనవచ్చు. కానీ ముప్ఫయి ఏళ్లుగా నా మెడలో వేలాడుతున్నది కూడా ఒకరకం హెడ్‌ఫోనే. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితం చుట్టి రోగి ఛాతీకి ఆనించి విన్నాడు. అదే నేటి స్టెతస్కోపుకు మూలం. దానికి బాటరీ లేదు, వైరు లేదు. అయినా గుండె చప్పుడు స్పష్టంగా వినపడుతుంది. కారణం ఒక్కటే, అందులో శబ్దం బయటికి పోవటానికి దారి లేదు. చెవి రంధ్రం మూసుకుని వుంటుంది. ఆ కాస్త గాలినీ కదిలిస్తే చాలు, కర్ణభేరి కదులుతుంది. వెనుకటి రోజుల్లో క్రిస్టల్ రేడియోలని వుండేవి. వాటికీ బాటరీ లేదు. గాలిలో వచ్చే రేడియో తరంగాల శక్తి తప్ప వాటికి ఇంకో ఆధారం లేదు. ఆ కాస్త శక్తితోనే ఇయర్‌ఫోనులో వార్తలు, పాటలు వినేవారు.

పెళ్లి పందిట్లో మైకు సెట్టు సంగతి వేరు. అక్కడ ఆంప్లిఫయరు పందిరినంతా, పక్క బజారునంతా శబ్దంతో నింపాలి. ఇంట్లో వాడే మామూలు స్పీకరుకు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెల్ శబ్దం వస్తుందనుకోండి. హెడ్‌ఫోనుకు అందులో వెయ్యో వంతు, అంటే ఒక మిల్లీవాటు ఇస్తే చాలు, చెవి దగ్గర 100 డెసిబెల్ వస్తుంది. తులసికోటలో నీళ్లు పొయ్యటానికి చెంబు కావాలి. ఒకప్పుడు మా మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్ష తోటలు బాగా వుండేవి. ఆ తోటలకు బిగించే 5 హార్స్‌పవర్ మోటారు తెచ్చి తులసికోట పక్కన పెడితే ఏమవుతుందో ఎవరైనా చెప్పగలరు.

డెసిబెల్ లెక్క కాస్త వింతగా వుంటుంది. దాన్ని అర్థం చేసుకోకపోతే ఈ వ్యవహారమేదీ బోధపడదు. 10 డెసిబెల్ పెరిగిందంటే శక్తి పది రెట్లయిందన్నమాట. 20 పెరిగితే నూరు రెట్లు. 3 పెరిగితే రెట్టింపు. ఇప్పుడు 100 డెసిబెల్‌కు ఒక మిల్లీవాటు తీసుకునే మామూలు హెడ్‌ఫోనునే తీసుకుని కిందికి దిగుదాం. 90 డెసిబెల్‌కు మిల్లీవాటులో పదో వంతు సరిపోతుంది. 80కి నూరో వంతు. 70కి వెయ్యో వంతు. ఇద్దరు ఎదురెదురుగా కూచుని మాట్లాడుకునే మాట 60 డెసిబెల్ ప్రాంతంలో వుంటుంది. హాయిగా పాట వినటానికి 70, 75 ధారాళంగా చాలు. అంటే మనం రోజూ పాట వింటూ వాడుకునేది మిల్లీవాటులో వెయ్యో వంతు నుంచి నూరో వంతు దాకా మాత్రమే. ఇక ఒక వాటంటే వెయ్యి మిల్లీవాట్లు. మీ స్నేహితులు కొనమన్నది దీనికి రెట్టింపు.

పాటలో తబలా దెబ్బలు, డప్పు దరువు ఉన్నట్టుండి లేస్తాయి, వాటికి ఎక్కువ శక్తి అవసరం కదా అని తెలిసినవాళ్లు వాదిస్తారు. నిజమే. అలాంటివి సగటు కంటే 15, 20 డెసిబెల్ పైకి పోతాయి. 80 దగ్గర వింటున్నవాడికి ఆ దెబ్బలు 100 దాకా లేస్తాయి. దానికి కావలసింది ఒక మిల్లీవాటు. మామూలు హెడ్‌ఫోనుకు అంతకు మించి పని లేదు.

అయితే హెడ్‌ఫోనులన్నీ ఒక రకం కావు. డబ్బా మీద రెండు అంకెలు వేస్తారు, అవి చూడండి. మొదటిది సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాటుకు ఎంత శబ్దం ఇస్తుందో చెప్పే అంకె. ఇది 100 ప్రాంతంలో వుంటే అది తక్కువ తిని ఎక్కువ పాలిచ్చే ఆవు. 90 వుంటే అదే శబ్దానికి పది రెట్లు మేత కావాలి. కొన్ని ఖరీదైన పెద్ద హెడ్‌ఫోనులు 85 దగ్గర కూడా వుంటాయి. వాటికి 100 డెసిబెల్ దెబ్బకు 30 మిల్లీవాట్ల పైచిలుకు కావాలి. ఇంత మొండివాటికి మాత్రం వేరే ఆంప్లిఫయరు వుండటంలో అర్థం వుంది. అయినా అది వాట్లలోకి పోదు.

రెండవ అంకె ఇంపెడెన్సు, ఓముల్లో వేస్తారు. ఇది కొళాయి గొట్టం సందు లాంటిది. సందు సన్నగా వుంటే అదే నీళ్లు రావటానికి ట్యాంకు ఎత్తుగా వుండాలి. 32 ఓముల హెడ్‌ఫోనుకు మిల్లీవాటు చేరాలంటే వోల్టులో ఐదో వంతు కూడా అక్కరలేదు. 300 ఓముల దానికి అర వోల్టు పైన కావాలి. మన సెల్‌ఫోను సుమారు అర వోల్టు ఇస్తుందనుకుందాం. 32 ఓముల హెడ్‌ఫోనులో అది 8 మిల్లీవాట్లవుతుంది. 300 ఓముల దాంట్లో ఒక మిల్లీవాటు కూడా పూర్తిగా కాదు. రెండింటికీ సెన్సిటివిటీ ఒకటే అయినా, రెండవది 10 డెసిబెల్ తక్కువగా, అంటే మన చెవికి సగం గట్టిగా వినపడుతుంది. మా విద్యార్థికి దమ్ము లేదనిపించిందంటే ఆ హెడ్‌ఫోను ఈ రెండవ జాతిది కావచ్చు. ఫోనుకు తగిలించే ఒక వోల్టు డాంగిల్ వుంటే దానికి సరిపోతుంది. దాని ఖరీదు వెయ్యి రూపాయల లోపే. బ్లూటూత్ రకాలకైతే ఈ చర్చే అక్కరలేదు. వాటి ఆంప్లిఫయరు వాటి కడుపులోనే తయారుచేసినవాడు పెట్టి పంపిస్తాడు.

ఇంతవరకూ డబ్బు సంగతి. ఇక చెవి సంగతి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం కలిసి 2019లో ఒక ప్రమాణం ప్రకటించాయి. పెద్దవాళ్లకు 80 డెసిబెల్ శబ్దం వారానికి 40 గంటలు. పిల్లలకు 75 డెసిబెల్, అదే 40 గంటలు. ఇది వారం మొత్తానికి చెవికి ఇచ్చే రేషను. ఆపైన శబ్దం 3 డెసిబెల్ పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5, 92 అయితే రెండున్నర. 95కి గంటాపావు. 101కి ఇరవై నిముషాలు కూడా లేదు.

ఇందాక చెప్పిన లెక్కను దీని పక్కన పెట్టి చూడండి. 3 డెసిబెల్ అంటే శక్తి రెట్టింపు. అంటే చెవికి వెళ్లే కరెంటు రెట్టింపైతే, వినదగ్గ సమయం సగం. కొలత ఇంత సూటిగా వుంది. కానీ ఇక్కడే మన చెవి మనల్ని మోసం చేస్తుంది. శక్తి రెట్టింపైతే చెవికి అది "కొంచెం పెరిగింది" అన్నట్టు మాత్రమే వుంటుంది. రెట్టింపు గట్టిగా వినపడాలంటే శక్తి పది రెట్లు కావాలి. అంచేత గుండీని ఇంత తిప్పి, "పెద్దగా ఏమీ పెంచలేదు" అనుకుంటాడు మనిషి. లోపల ఖర్చు మాత్రం పదింతలైపోతుంది.

మామూలు ఫోనే 32 ఓముల హెడ్‌ఫోనులో 8 మిల్లీవాట్లు ఇవ్వగలదన్నాను కదా, అది 109 డెసిబెల్. పాట ఎప్పుడూ నిండుగా వుండదు గనుక సగటున 10 తగ్గించి 99 వేసుకుందాం. దానికి వారం మొత్తానికి దొరికే సమయం అరగంట. పూర్తి గుండీ తిప్పి రోజుకు మూడు గంటలు వినేవాళ్లు మన ఇళ్లలో లేరా? ఆంప్లిఫయరు ఏదీ లేకుండానే చెవి పాడుచేసుకోవటానికి కావలసినంత శక్తి జేబులో వుంది.

అయితే రెండు వాట్ల ఆంప్లిఫయరు దానంతటది విషం కాదు. గుండీ కింద వుంటే అదీ మిల్లీవాటులో నూరో వంతే పంపుతుంది. దానితో వచ్చే అపాయం వేరు. బలహీనమైన ఫోను శక్తికి మించి అరిపిస్తే గరగరలాడుతుంది, పాట చీరుకుపోతుంది, మనకే విసుగు పుట్టి తగ్గిస్తాం. అది చెవికి కాపలా కుక్క మొరిగినట్టు. పెద్ద ఆంప్లిఫయరు అలా మొరగదు. 80 దగ్గర ఎంత తియ్యగా వుంటుందో 105 దగ్గరా అంత తియ్యగానే వుంటుంది. ఎంత గట్టిగా వింటున్నామో చెప్పేవాడు లేడు. పైగా ఏ వైరో వదులై తిరిగి తగిలినప్పుడు, లేదా గుండీ పైన వుండగా ఇంకొకరి హెడ్‌ఫోను దానికి తగిలించినప్పుడు, ఒక్క దెబ్బతో 120 దాటవచ్చు. అలాంటిది ఇంట్లో వుంటే, హెడ్‌ఫోను తలకు పెట్టుకోకముందు గుండీని సున్నాకు తిప్పటం అలవాటు చేసుకోండి. గెయిన్ మీట వుంటే తక్కువ వైపే వుంచండి.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం వుంది. అందులో సుమారు 15 వేల రోమకణాలు వుంటాయి. శబ్దాన్ని నాడీ సందేశంగా మార్చేవి ఇవే. పుట్టినప్పుడు ఎన్ని వస్తే అన్నే. చర్మం గీసుకుపోతే మళ్లీ వస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఈ కణాలు మాత్రం పోతే మళ్లీ మొలవవు. పెద్ద శబ్దం విన్న తరువాత అవి పొలంలో గాలివానకు పడిపోయిన వరిలాగా వంగిపోతాయి. కొన్ని గంటలకో, ఒక రోజుకో తిరిగి లేస్తాయి. ఆ వంగివున్న కాలంలోనే చెవి మొద్దుబారినట్టుండటం, కీచురాయి కూయటం. మర్నాటికి తగ్గిపోతే ఏమీ కాలేదనుకుంటారు. కొన్ని లేవవు. లేవనివి ఎన్నో ఆ రోజు తెలియదు.

ఇందులో ఇంకో చిక్కు వుంది. మొద్దుబారిన చెవికి పాట పలచగా వినిపిస్తుంది. పాట పలచబడితే గుండీ తిప్పుతాం. తిప్పితే చెవి ఇంకా మొద్దుబారుతుంది. "పాటలో దమ్ము లేదు" అన్న ఫిర్యాదు హెడ్‌ఫోను మీదే వచ్చిందా, చెవి మీద వచ్చిందా అన్నది అందుకే ముందు తేల్చుకోవాలి.

నేను వైద్యకళాశాల హాస్టలులో వున్నప్పుడు, 1990 ప్రాంతంలో, మా గదిలో ఒక మిత్రుడికి దుబాయి నుంచి వాళ్ల అన్న వాక్‌మన్ పంపాడు. జపానులో అది 1979లో వచ్చిందట, మా గది దాకా రావటానికి పదేళ్లు పట్టింది. రాత్రిళ్లు వంతులు వేసుకుని వినేవాళ్లం. నా వంతు వచ్చినప్పుడు చెవికి పెట్టుకునే నిద్రపోయేవాణ్ణి, క్యాసెట్టు అయిపోయేదాకా అది మోగుతూనే వుండేది. అన్నీ చదువుకున్నాం, చెవి గురించి కూడా చదువుకున్నాం, కానీ అది రోగుల గురించనుకున్నాం. నలభై ఎనిమిదో ఏట మా ఆసుపత్రిలో నర్సమ్మ ఒక పిల్లవాడికి డిజిటల్ థర్మామీటరు పెట్టి నాకిచ్చింది. నేను పట్టుకునే వున్నాను. "సార్, కూసింది గదా" అన్నది. నాకేమీ వినపడలేదు. మరుసటి వారం పరీక్ష చేయించుకుంటే కాగితం మీద 4000 సైకిల్స్ దగ్గర గీత గుంటలో పడినట్టు కిందికి జారి వుంది. రెండు చెవులకూ అంతే. శబ్దం వల్ల వచ్చే చెవుడు సాధారణంగా ముందు ఆ చుట్టుపక్కలే మొదలవుతుంది. థర్మామీటరు కూత కూడా ఇంచుమించు అక్కడే. వాక్‌మన్ ఒక్కటే కారణమని నేను ప్రమాణం చేయలేను, పెళ్లిళ్లలో బాండు మేళం పక్కన కూడా చాలా నిలబడ్డాను. ఇప్పటికీ థర్మామీటరు కూసిందీ లేనిదీ నర్సమ్మే చెబుతుంది.

ఈ రకం చెవుడు మొదట పట్టుబడదు. మాట వినపడుతుంది, అర్థం కాదు. స, శ, ష, త, క లాంటి అక్షరాలు పైస్థాయి శబ్దాలతో పలుకుతాయి, అవి ముందుగా జారిపోతాయి. "సంత" అంటే "అంత" అనిపిస్తుంది. నలుగురు మాట్లాడేచోట తికమక. ఇంట్లోవాళ్లు "పిలిస్తే పలుకుతలేడు సారూ, పొగరు" అంటారు. మా ఓ.పి.లో ఒక తల్లి ఇలాగే కొడుకును చెయ్యి పట్టి తీసుకొచ్చింది. పొగరు కాదు. ఆ అబ్బాయి ఫ్యాక్టరీలో యంత్రాల మధ్య పనిచేస్తాడు. యంత్రాల రొద వినపడకుండా వుండాలని ఇయర్‌ఫోను పెట్టి, రొదను మించేలా పాట పెట్టుకునేవాడు. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో 8 గంటల పనికి 90 డెసిబెల్ హద్దు. దాని మీద ఇది. యంత్రం లెక్క వేరు, పాట లెక్క వేరు అని చెవి రెండు ఖాతాలు రాయదు.

బస్సు ప్రయాణాలలోనూ ఇదే తంతు. మేడ్చల్ నుంచి, శామీర్‌పేట నుంచి సికింద్రాబాదు పోయి రావటానికి రోజూ రెండు మూడు గంటలు పట్టేవాళ్లున్నారు. బస్సు లోపలి రొద 80 డెసిబెల్ ప్రాంతంలో వుంటుంది. పాట దానికి పైన తేలాలంటే 85, 90కి పెంచవలసిందే. 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్ దాకా ఎం.ఎం.టి.ఎస్. రైలు నడుస్తున్నది, అందులోనూ కిటికీ పక్కన ఇదే పరిస్థితి. ఇక్కడ డబ్బు ఖర్చు పెట్టదలచుకుంటే ఆంప్లిఫయరు మీద కాదు, బయటి శబ్దాన్ని ఆపే వాటి మీద పెట్టండి. చెవి రంధ్రానికి సరిగ్గా కుదిరే రబ్బరు మూతి వున్న ఇయర్‌ఫోను బయటి రొదను 15, 20 డెసిబెల్ దాకా ఆపుతుంది. నాయిస్ కాన్సిలింగ్ రకాలు ఇంజను గుర్రుమనే శబ్దాన్ని బాగా తగ్గిస్తాయి. అప్పుడు పాట 70 దగ్గరే నిండుగా వుంటుంది. కానీ బస్సు దిగిన తరువాత, జాతీయ రహదారి దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర, అవి రెండూ జేబులో వుండాలి. హారను వినపడని మనిషిని డ్రైవరు కాపాడలేడు. అలా వచ్చిన కేసుల్లో చెవి చూడవలసిన అవసరం మాకు రాదు.

శామీర్‌పేట వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడి సంగతి కూడా రాయాలి, ఇది కాస్త నవ్వుకునేది. "కుడి దిక్కు సౌండు తక్కువస్తుంది సార్" అని మూడు ఇయర్‌ఫోనులు మార్చాడు, ఒక ఆంప్లిఫయరు కొన్నాడు. చివరికి ఎడమదీ కుడిదీ మార్చి పెట్టుకుని చూస్తే, అప్పుడూ కుడి చెవికే తక్కువ. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. చూస్తే కుడి చెవి నిండా గుబిలి, రాయి కట్టినట్టు వుంది. రోజంతా ఇయర్‌ఫోను కుక్కుకుంటే గుబిలి బయటికి రాలేక లోపలికి గట్టిపడుతుంది. అయిదు రోజులు చుక్కలు వేయించి తీసేశాం. ఆంప్లిఫయరు అమ్మేశాడో వుంచుకున్నాడో తెలియదు. ఇలాంటప్పుడు పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక చెవిలో పెట్టవద్దు. కాచిన నూనె పోయవద్దు. కర్ణభేరికి చిల్లు వున్నవాడికి నూనె పోస్తే చీము పడుతుంది. ఒకరి ఇయర్‌ఫోను ఒకరు పెట్టుకోవటం వల్ల చెవి దురద, బూజు కూడా అంటుకుంటాయి. వానాకాలంలో మా ఓ.పి.లో ఇవి చాలానే చూస్తాం.

ఎంత గట్టిగా వింటున్నామో తెలుసుకోవటం ఎట్లా? "60 శాతం గుండీ, 60 నిముషాలు" అని ఒక సూత్రం చెబుతుంటారు. ఏమీ లేనిదానికంటే నయమే కానీ, 60 శాతం అంటే ఒక ఫోనులో 75 డెసిబెల్, ఇంకో దాంట్లో 90 కావచ్చు, వెనక ఆంప్లిఫయరు వుంటే ఆ శాతానికి అర్థమే వుండదు. ఇప్పుడు కొన్ని ఫోనులు వారం మొత్తం ఎంత శబ్దం విన్నారో అవే లెక్క చూపిస్తాయి, హద్దు పెట్టుకునే వీలూ ఇస్తాయి. పిల్లల ఫోనుల్లో ఆ హద్దు మీరే పెట్టి, మార్చకుండా తాళం వేయండి. నేను వాడే పద్ధతి ఇంకా సులువు. నిశ్శబ్దంగా వున్న గదిలో మీకు హాయిగా వున్నచోట గుండీ ఆపి ఆ గుర్తు జ్ఞాపకం పెట్టుకోండి. బస్సులో దానికంటే బాగా పైకి వెళ్లవలసి వస్తున్నదంటే ఆ ఇయర్‌ఫోను బస్సుకు పనికిరాదు. చెయ్యి చాచినంత దూరంలో వున్న మనిషి మామూలు గొంతుతో పిలిస్తే ఏమీ వినపడకపోతే, లేక మీ పాట పక్క సీటువాడికి వినపడుతుంటే, తగ్గించండి.

కొందరి చెవులు మిగతావారికంటే త్వరగా దెబ్బతింటాయి. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి ఇంజక్షన్లు వాడినవాళ్లు, కొన్ని కాన్సరు మందులు వాడుతున్నవాళ్లు, మధుమేహం వున్నవాళ్లు ఇంకా తక్కువలోనే వుండాలి.

మందుల సంగతి అడుగుతారు. పోయిన రోమకణాలను తిరిగి తెచ్చే మాత్ర గాని, చుక్కల మందు గాని లేదు. చెవి నరాలకు బలమని అమ్మే విటమిన్ల సీసాలు ఆ పని చేయవు. ఒక్క విషయం మాత్రం అందరూ గుర్తుంచుకోండి. ఉన్నట్టుండి, ఒక రోజులోనో మూడు రోజుల్లోనో, ఒక చెవి వినపడటం మానేస్తే గుబిలి అనుకుని వారాలు ఆగవద్దు. అది అత్యవసరం. రెండు మూడు రోజుల్లో చెవి డాక్టరును చేరితే స్టెరాయిడ్ మందులతో చాలామందికి కొంతైనా తిరిగి వస్తుంది. నెల దాటి వస్తే మా చేతుల్లో పెద్దగా ఏమీ వుండదు.

నెమ్మదిగా పోయినదానికి చివరికి మేము రాసేది హియరింగ్ ఎయిడ్. చెవి వెనక పెట్టుకునే ఆ చిన్న వస్తువు ఏమిటనుకున్నారు? అదీ ఆంప్లిఫయరే. గోరంత బాటరీ, ఒకటిన్నర వోల్టు కూడా లేదు, రోజుల తరబడి నడుస్తుంది. ఊళ్లో అందరికీ వినపడే మాట తనకు వినపడటానికి మనిషి దాన్ని కొనుక్కోవాలి. ఆ హెడ్‌ఫోను, ఈ ఆంప్లిఫయరు కలిసినా దాని ఖరీదుకు చాలవు.

ఇక ఉత్తరం రాసిన అబ్బాయికి. బాబూ, నీ కీచురాయికీ నీ హెడ్‌ఫోనుకూ సంబంధం వుండే అవకాశమే ఎక్కువ. ఆ ఆరు వేలు ప్రస్తుతానికి ఖర్చు పెట్టకు. రెండు వారాలు హెడ్‌ఫోను తియ్యకుండా పెట్టెలో వుంచు. ఆ రోజుల్లోనూ రాత్రిళ్లు కూత వస్తున్నదో లేదో, వస్తే ఏ చెవిలోనో, ఎంతసేపో ఒక కాగితం మీద రాసుకో. క్లాసులో వెనక బెంచీలో కూచుంటే లెక్చరరు చెప్పేది అందుతున్నదా లేదా అన్నది కూడా రాయి, ఆ సంగతి ఉత్తరంలో లేదు. తరువాత పొద్దున్నే ఓ.పి.కి రా. చెవి లోపల చూసి, ట్యూనింగ్ ఫోర్కు పెట్టి పరీక్షిస్తాను. కోఠీలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికి చీటీ రాసిస్తాను, అక్కడ ఆడియోమెట్రీ చేస్తారు. అద్దాల గదిలో కూచోబెట్టి చెవికి పెట్టేది కూడా హెడ్‌ఫోనే, భయపడవలసిందేమీ లేదు. ఆ ముందురోజు పాటలు గాని, డి.జె. గాని వినకుండా వెళ్లు. లేకపోతే మొద్దుబారిన చెవినే కొలిచి పంపిస్తారు.

వచ్చేటప్పుడు ఆ హెడ్‌ఫోను డబ్బా కూడా తీసుకురా. దాని మీద ఎన్ని ఓములు, ఎన్ని డెసిబెల్ వేశారో చూద్దాం.